వరిమడిలో నాచు – మైలుతుత్తము

నాట్లు వేసిన కొలది దినములకే వరిమడిలో నీటిపై పచ్చని తెట్టె కట్టుట రైతులందరు ఎఱిగినదే. దీనిని కొందరు నాచు అనియు, కొందరు పాచి అనియు అందురు. ఇది దట్టముగా పెరిగినచో లేత మొక్కలను క్రమ్మి నీటిలోనికి వంచును. అందుచే తెట్టె కనబడగానే మైలుతుత్తము చల్లుట కొందరికి అలవాటు. అయితే మైలుతుత్తము ఏ నాచును చంపును? ఎట్లు చంపును? పిదప అందలి రాగి ఏమగును? ఈ మూడు సంగతులు తెలిసికొనిన గాని దానిని వాడరాదు.

నాచులో రకములు

పట్టుదారముల వలె పొడవుగా, నిగనిగలాడుచు ఉండునది సాధారణముగా ఆకుపచ్చ నాచు. ముదురు రంగుతో, చేతికి జిగటగా, ముద్దలుగా తగులునది చాలవరకు నీలిపచ్చ నాచు. ఈ రెండవ దానిలో పెక్కు జాతులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు చేర్చును. మన దేశపు వరి నేలలలో ఈ మేలు నీలిపచ్చ నాచు వలననే జరుగుచున్నదని 1939లో పి. కె. డే అను శాస్త్రజ్ఞుడు చూపెను. పరిస్థితులు అనుకూలించినచో ఒక పంటకాలములో హెక్టారుకు 20 నుండి 30 కిలోల నత్రజని ఈ విధముగా సమకూరును.

రాగి ఎట్లు పనిచేయును?

రాగి, జింకు వంటి లోహములు అత్యల్ప పరిమాణములో నాచుకు ఆహారమే. కిరణజన్య సంయోగక్రియకు రాగి కొంచెము కావలెను. ఆ కొంచెము మించినచో అదే విషమగును. సీసము, పాదరసము అట్లు కాదు. వాని వలన నాచుకు ఏ కొంచెము ఉపయోగమును లేదు.

నీటిలో కరగిన రాగి మొదట నాచు కణము యొక్క పైపొరను దెబ్బతీయును. లోపలి పొటాషియము బయటికి కారిపోవును. పత్రహరితములో మెగ్నీషియము ఉండవలసిన చోట రాగి చేరును. అంతట నాచు రంగు వెలవెలబోవును. సూర్యరశ్మితో ఆహారము తయారుచేసికొను శక్తి తగ్గును. కణములు చీలి పెరుగుట ఆగును. నత్రజనిని పట్టు పనికి చాల శక్తి అవసరము గనుక ఆ పనియు కుంటువడును. నీలిపచ్చ జాతులలో అనేకము ఆకుపచ్చ నాచు కంటె త్వరగా రాగికి లొంగును. అనగా శత్రువుపై వేసిన దెబ్బ ముందుగా మిత్రునికే తగులవచ్చును.

మోతాదు లెక్క

ఎకరము మడిలో 5 సెంటీమీటర్ల నీరున్నచో అది సుమారు 2 లక్షల లీటర్లు. మైలుతుత్తములో నాలుగవ వంతు రాగి. కాబట్టి ఒక కిలో మైలుతుత్తము చల్లినచో లీటరు నీటికి ఒకటింబావు మిల్లిగ్రాము రాగి చేరును. అనేక జాతుల నాచు లీటరుకు ఒక మిల్లిగ్రాము లోపుననే దెబ్బతినును. నీరు సగమునకు తగ్గినచో, అదే కిలో రెట్టింపు ఘాటు చూపును. నీటి లోతు చూడక చల్లరాదు.

రాగి కుళ్ళి పోవునది కాదు. ఒండ్రును, సేంద్రియ పదార్థమును అంటుకొని అడుగున నిలుచును. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమందలి ఫెయిర్‌మౌంట్ సరస్సులలో 58 సంవత్సరములు మైలుతుత్తము వాడిరి. అడుగు బురదలో రాగి పేరుకొనెననియు, కొన్ని జాతుల నాచు ఎక్కువ మోతాదునకు సహితము ఓర్చుకొన నేర్చెననియు 1984లో ప్రకటించిన పరిశోధన తెలిపెను.

రైతులు చేయవలసినది

1. తెట్టె పలుచగా ఉన్నచో, మొక్క నిలద్రొక్కుకొనియున్నచో దానిని వదలివేయుడు.

2. దట్టమైనచో, నీటి వసతి చూచుకొని, మడిలోని నీరు తీసి రెండు మూడు దినములు ఆరబెట్టుడు. తెట్టెను చేతితో లాగి గట్టుపై వేయుడు.

3. సూపర్‌ఫాస్ఫేట్‌ను నిలువ నీటిపై చల్లక ఆఖరి దమ్ములో కలుపుడు. నీటిపై పడిన భాస్వరము నాచును ఒక్కసారిగా పెంచును.

4. ఇవి చాలనిచో మాత్రమే, వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులో మైలుతుత్తము వాడుడు. దానిని ఇనుప పాత్రలో కరిగించరాదు.

5. మందు వేసిన నీటిని చేపల చెఱువులోనికి వదలరాదు. రాగి చేపలకు విషము. అంతేగాక చచ్చిన నాచు కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు తేలిపోవును.

6. గొఱ్ఱెలు రాగి విషమునకు త్వరగా లోనగును. మందు వేసిన మడి నీరు వానిని త్రాగనీయరాదు. ఆ గట్ల గడ్డి మేపరాదు.

నాచు ఏ రకమో తెలియనిచో, సీసాలో కొంచెము నీటితో పట్టి దగ్గరి వ్యవసాయ పరిశోధనా స్థానమునకు తీసికొనిపోయి చూపించుడు. పిదపనే మందు మాట తలపెట్టవలెను.