కీలు లోపలి ఎరుపు

శరీరంలో ఎక్కడ దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చేరినా, రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కణాలమీదే తిరగబడినా అక్కడ కనిపించే లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ నాలుగుగా లెక్కపెట్టాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వైద్యగ్రంథాలు శోథం అనీ, జనం వాపు, మంట అనీ చెప్పుకునే ఈ ప్రక్రియను గుర్తించడానికి ఇప్పటికీ ఆ నాలుగూ ఆనవాళ్లే. అయితే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంలో ఈ లెక్క ఒకచోట తప్పుతుంది. పొద్దున లేవగానే గంటకు పైగా బిగుసుకుపోయే వేళ్లు, ఉంగరం దిగనంతగా ఉబ్బిన కణుపులు, చేయి ఆనిస్తే తెలిసే వెచ్చదనం, తడిబట్ట పిండనీయని నొప్పి అన్నీ ఉన్నా, కీలుపై చర్మం మాత్రం సాధారణంగా ఎర్రబడదు. ఎరుపు కీలు లోపల, కంటికి అందని ఒక పలుచటి పొరలో దాగి ఉంటుంది. కోత లేకుండా, సూది గుచ్చకుండా, ఎక్స్-కిరణాల అవసరం లేకుండా ఆ ఎరుపు ఉన్నదీ లేనిదీ చెప్పగలిగే పరీక్ష డాప్లర్ అల్ట్రాసౌండ్.

తెలుగునాట ‘వాతం’ అన్న ఒక్కమాట కింద ఒకదానితో ఒకటి పొత్తులేని జబ్బులు చాలా చేరిపోయాయి. వయసుతో మోకాలి మృదులాస్థి అరిగిపోయే ఆస్టియోఆర్థరైటిస్, యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా పేరుకోవడంవల్ల వచ్చే గౌట్, రక్షణ వ్యవస్థ పొరపాటువల్ల వచ్చే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నీ వాడుకలో కీళ్లవాతాలే. పరీక్ష విలువ తెలియాలంటే ముందు వీటిని విడదీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కీలులో ఎముకల కొసలను మృదులాస్థి కప్పి ఉంచితే, చుట్టూ ఉన్న సంచికి లోపలివైపు సైనోవియం అనే పొర అస్తరులా ఉండి, కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగురు ద్రవాన్ని ఊరిస్తుంది. కేవలం ఒకటి నుంచి మూడు వరుసల కణాల మందం ఉండే ఈ అస్తరు, రుమటాయిడ్ జబ్బులో రక్షణ కణాలు వచ్చి చేరడంతో ఉబ్బి, మడతలు పడి, తన ఆకలి తీర్చుకోవడానికి కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది. అలా రక్తం పోసుకుని పెరిగిన కణజాలం, పానస్ అనే పేరుతో, మృదులాస్థిమీదికీ ఎముకమీదికీ పాకి వాటిని కొరుక్కుతింటుంది. ఎక్స్-రేలో కనిపించేది ఆ కొరుకుడు మిగిల్చిన గుంట, అంటే జరిగిపోయిన నష్టం. రక్తపరీక్షల్లోని ఈఎస్ఆర్, సీఆర్పీ ఒళ్లంతటి శోథాన్ని ఒక అంకెగా చెబుతాయే తప్ప అది ఏ కణుపులో ఉందో చెప్పవు. ఈ కీలులో మంట ఇప్పుడు, ఈ రోజు రగులుతోందా అన్నది వేరే ప్రశ్న, డాప్లర్ జవాబివ్వగలిగింది దానికే.

ఆ పేరు గల క్రిస్టియన్ డాప్లర్ వైద్యుడు కాడు. 1803లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టిన ఈ గణిత, భౌతిక శాస్త్రవేత్త 1842లో ప్రాగ్ నగరంలో జంట నక్షత్రాల రంగులపై ఒక పత్రం సమర్పించి, తరంగాలను పంపే వస్తువు దగ్గరకు వస్తుంటే వాటి పౌనఃపున్యం పెరిగినట్టూ దూరమవుతుంటే తగ్గినట్టూ గ్రహించేవారికి అనిపిస్తుందని ప్రతిపాదించాడు. దీన్ని పరీక్షించడానికి 1845లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ ఉట్రెక్ట్ దగ్గర రైలుబండిమీద బాకా ఊదేవారిని ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్నవారిని పట్టాల పక్కన నిలబెట్టి, బండి దాటిపోతున్నప్పుడు స్వరం దిగిపోవడం వారిచేత వినిపించుకున్నాడు. నక్షత్రాల రంగులకు డాప్లర్ చెప్పిన కారణం నిలబడలేదు, సూత్రం మాత్రం నిలబడింది. 1950లలో జపాన్‌లోని ఒసాకాలో షిగేవో సతోమురా అదే సూత్రాన్ని అల్ట్రాసౌండ్‌కు జోడించి, గుండె కదలికలనూ, ఆ తర్వాత రక్తప్రవాహాన్నీ పసిగట్టే దారి వేశాడు.

కీలుమీద ఆనించే ప్రోబ్ మనిషి చెవికి వినిపించని ధ్వనిని లోపలికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఎముక, మృదులాస్థి, కండరం వంటి కదలని భాగాలను తాకిన ధ్వని వెళ్లిన పౌనఃపున్యంతోనే తిరిగివస్తే, కదులుతున్న ఎర్రకణాలను తాకినది కొద్దిగా మారి వస్తుంది. ఆ ‘కొద్ది’ ఎంతో లెక్కవేస్తే ఈ యంత్రం పనితనం అర్థమవుతుంది. ప్రోబ్ సెకనుకు 75 లక్షల కంపనాల ధ్వని పంపుతోందనీ, రక్తకణం సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో ఎదురు వస్తోందనీ అనుకుంటే, మెత్తటి కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు కాబట్టి, వచ్చే తేడా సెకనుకు వంద కంపనాలకు కాస్త తక్కువ. 75 లక్షలలో వంద! పంపిన ధ్వని చెవికి అందకపోయినా ఈ తేడా మాత్రం వినికిడి పరిధిలోనే ఉంటుంది. గర్భిణులకు డాప్లర్ స్కాన్ చేసేటప్పుడు స్పీకర్‌లో వినిపించే ‘ఝుం ఝుం’ శబ్దం ఆ తేడాయే.

తేడాను తెరమీద చూపడానికి రెండు పద్ధతులున్నాయి. కలర్ డాప్లర్‌లో ప్రోబ్‌వైపు వచ్చే ప్రవాహాన్ని వాడుకగా ఎరుపుతోనూ, దూరంగా పోయేదాన్ని నీలంతోనూ చూపుతారు కాబట్టి దిశా, వేగమూ తెలుస్తాయి. పవర్ డాప్లర్ దిశనూ వేగాన్నీ పక్కనపెట్టి, కదులుతున్న రక్తంనుంచి వచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో మాత్రమే లెక్కగట్టి దాన్ని నారింజ, ఎరుపు ఛాయల్లో చూపుతుంది. వాపెక్కిన సైనోవియంలో వెంట్రుకల్లాంటి నాళాల్లో రక్తం నెమ్మదిగా, అన్ని దిక్కులకూ పాకుతుంటుంది గనుక అది ఎటు పోతోందన్నది వైద్యుడికి పెద్దగా అక్కర్లేదు. అసలు ఉందా, ఎంత మేర ఉందన్నదే కావాలి. అందుకే 1994 ప్రాంతంలో పవర్ డాప్లర్ వాడుకలోకి వచ్చిన వెంటనే కీళ్ల చుట్టూ ఉన్న శోథాన్ని దానితో చూసే ప్రయత్నాలూ మొదలయ్యాయి. ఇప్పటి మేలురకం యంత్రాల్లో కలర్ డాప్లర్ కూడా అంతే సున్నితంగా పనిచేయగలదు. తెరమీది ఎరుపు రక్తపు రంగేమీ కాదు, యంత్రం తనంతట తాను పూసిన గుర్తు. అయినా సెల్సస్ చెప్పిన నాలుగింటిలో చర్మంపై కనిపించకుండా పోయిన లక్షణం, వేరే దారిలోనైనా, మళ్లీ ఎరుపుగానే కంటికి దక్కడం ముచ్చటైన సంగతి.

పరీక్షలో మొదట నలుపు తెలుపు చిత్రంతో ఎముక అంచులనూ, ఉబ్బిన పొరనూ, చేరిన నీటినీ చూసుకుని, ఆ తర్వాత డాప్లర్ మీట నొక్కుతారు. పొర దళసరిగా ఉందంటే జబ్బు ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందని అర్థం. ఆ దళసరి పొరలో రంగు చుక్కలు మెరిస్తే జబ్బు ఇప్పుడూ చురుగ్గా ఉందని అర్థం. ఆ చురుకును సున్నా నుంచి మూడు వరకూ అంకెలతో కొలుస్తారు. చుక్కలే లేకపోతే సున్నా. మూడు విడి చుక్కల వరకూ, లేదా కలిసిపోయిన చుక్కలు రెండింటి వరకూ ఉంటే ఒకటి. అంతకు మించినా రంగు ఉబ్బిన పొర వైశాల్యంలో సగం దాటకపోతే రెండు. సగం దాటితే మూడు. యూరప్ రుమటాలజీ సంఘమైన యూలార్, కీళ్ల జబ్బుల కొలమానాలను స్థిరపరచే అంతర్జాతీయ బృందమైన ఒమెరాక్ట్ కలిసి 2017లో ప్రకటించిన పద్ధతి దాదాపు ఇదే. ఆరోగ్యవంతుల మణికట్టులోనూ ఒకటీ అరా చుక్క కనబడుతుంది గనుక ఒక్క చుక్కను చూసి జబ్బని తీర్మానించరు.

యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ పరీక్ష చివరకు చేతిపనే. చిన్న నాళాలు ఎంత మెత్తనివంటే ప్రోబ్‌ను కాస్త గట్టిగా అదిమినా నలిగి, వాటిలో ప్రవాహం ఆగి, మంట ఉన్న కీలు కూడా తెరమీద చల్లారినట్టు కనిపిస్తుంది. అందుకే జెల్ దట్టంగా వేసి, పెరుగుమీది మీగడ చెదరకుండా చెంచా ఆనించినంత తేలికగా ప్రోబ్ ఆనించాలి. వేళ్లను బిగబట్టి చాచినా పొర సాగి రక్తం తగ్గుతుంది. ఏసీ గదిలో చల్లబడిన చేతికీ, మామూలు వెచ్చదనంలో ఉన్న చేతికీ తేడా వస్తుంది. ముందురోజు వేసుకున్న నొప్పి మాత్రలు సంకేతాన్ని తగ్గించగలవు, స్టెరాయిడ్ అయితే మరీ. వీటన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు అమరికది. కాలి సిరలనూ మెడ ధమనులనూ చూడటానికి పెట్టిన అమరికతోనే కీలును చూస్తే, వేగంగా పారే రక్తంకోసం సిద్ధమైన యంత్రం నెమ్మదిగా పాకే రక్తాన్ని కదలికగానే లెక్కపెట్టక వదిలేస్తుంది. ధ్వని స్పందనలు పంపే రేటును బాగా తగ్గించి, రంగు సున్నితత్వాన్ని తెరంతా చుక్కలు లేచేవరకూ పెంచి, ఆ ఉత్తుత్తి చుక్కలు మాయమయ్యేదాకా వెనక్కి తగ్గించి ఆపితేనే మిగిలినది నిజమైన రక్తమవుతుంది. కాబట్టి ‘డాప్లర్‌లో ఏమీ లేదు’ అన్న నివేదికకు, ఎవరు, ఏ అమరికతో, ఎలా చూశారన్నదాన్నిబట్టే విలువ.

సరిగా చూసిన పరీక్ష ఏం చెప్పగలదో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది. మందులతో జబ్బు అదుపులోకి వచ్చిందని వైద్యులు తేల్చినవారి కీళ్లను పవర్ డాప్లర్‌తో చూస్తే కొందరిలో సంకేతం ఇంకా మిగిలే ఉంది. నొప్పి, వాపు ఏమీ లేని కీళ్లలో కూడా, ఆ సంకేతం ఉన్నచోట ఏడాదిలో ఎముక దెబ్బతినే అవకాశాల నిష్పత్తి లేనిచోటికంటే సుమారు 12 రెట్లుగా లెక్క తేలింది. రోగి హాయిగా ఉన్నానంటున్నప్పుడు కీలు లోపల పని జరిగిపోతూనే ఉండవచ్చన్నమాట. దీనికి ఎదురు సందర్భమూ ఉంది. రుమటాయిడ్ జబ్బుతోపాటు ఒళ్లంతా నొప్పులు కలిగించే ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో నొప్పి కొండంతగా ఉండి కీళ్లలో డాప్లర్ సంకేతం ఉండకపోవచ్చు. అలాంటివారికి రక్షణ వ్యవస్థను అణచే మందు మోతాదు పెంచుతూ పోవడంవల్ల ఒరిగేది దుష్ఫలితాలే.

అయితే సంకేతం కనిపించిన ప్రతిచోటా మందు పెంచితే మేలు జరుగుతుందా? సహజంగా తోచే ఈ ఆలోచనను నార్వేలోని 11 ఆస్పత్రులు ఆర్కిటిక్ అనే ప్రయోగంలో నేరుగా పరీక్షించాయి. కొత్తగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చిన 238 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వైద్యుడి పరీక్షనుబట్టి, రెండో జట్టుకు దానితోపాటు అల్ట్రాసౌండ్‌లో సంకేతం పూర్తిగా పోయేవరకూ మందులు పెంచుతూ రెండేళ్లు చికిత్స చేశారు. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం అనుకున్న లక్ష్యాన్ని అల్ట్రాసౌండ్ జట్టులో 22 శాతం, మామూలు జట్టులో 19 శాతం చేరుకున్నారు. గణాంకపరంగా అది తేడా కిందికి రాదు. స్కాట్లండ్‌లో జరిగిన మరో ప్రయోగంలోనూ స్పష్టమైన అదనపు లాభం కనబడలేదు. లీడ్స్ ఫలితాన్ని ఇవి కొట్టివేయవు. అది జోస్యానికి సంబంధించినది, ఇవి చికిత్సకు సంబంధించినవి. వైద్యుడు వేళ్లతో కణుపులను నొక్కి చూసి క్రమం తప్పకుండా చేసే చికిత్సే గట్టిదైనప్పుడు, ప్రతి సందర్శనలోనూ ప్రతి కీలునూ స్కాన్ చేయడం ఖర్చే తప్ప లాభం కాదనీ, అనుమానం మిగిలినచోటే డాప్లర్‌కు పని ఉందనీ ఈ ప్రయోగాలనుంచి గ్రహించవచ్చు. స్కానింగ్ సెంటర్ల ప్యాకేజీల కాలంలో ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

కీళ్లకు వెలుపల డాప్లర్ మరింత తిరుగులేని సాక్ష్యం ఇచ్చే జబ్బు ఒకటుంది. 50 ఏళ్లు దాటినవారిలో కణతల దగ్గరి ధమనుల గోడలు ఉబ్బి, సకాలంలో చికిత్స అందకపోతే చూపునే తీసుకుపోయే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ ఉత్తర యూరప్ జాతుల్లో ఎక్కువ, భారతీయుల్లో అరుదు. ఈ జబ్బులో రంగుతో నిండిన రక్తధార చుట్టూ ఉబ్బిన గోడ నల్లటి వలయంలా, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు కనబడుతుందని 1997లో జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ష్మిట్ బృందం చూపింది. ధమని ముక్క కోసి పరీక్షించడానికి బదులు ముందుగా ఈ స్కాన్ చేయవచ్చని యూలార్ 2018లో సూచించింది. స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఆ వలయం కొద్ది వారాల్లోనే చెదిరిపోవచ్చు కనుక త్వరగా చూడాలి, కానీ స్కాన్ కోసం మందు ఆపకూడదు. వెన్నెముకను పట్టే స్పాండిలో ఆర్థరైటిస్ జాతి జబ్బుల్లో, జనం నరం అని పిలిచే టెండన్ ఎముకకు అతుక్కునే చోట, ముఖ్యంగా మడమ వెనుక, డాప్లర్ చుక్కలు జబ్బును పట్టిస్తాయి. గౌట్‌లో ఎక్కువ పని నలుపు తెలుపు చిత్రానిదే; మృదులాస్థిపై స్ఫటికాల పూత ఎముక గీతకు సమాంతరంగా రెండో గీతలా కనబడుతుంది.

భారతదేశంలో ఈ పరీక్షకు ఒక విచిత్రమైన అడ్డు ఉంది. గర్భస్థ పిండ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద ఏ అల్ట్రాసౌండ్ యంత్రమైనా, అది ఎక్కడ, ఎవరు వాడతారన్న వివరాలతో నమోదు కావలసిందే. ఆడపిల్లల ప్రాణాలకోసం వచ్చిన ఆ కట్టడి అవసరాన్ని ఎవరూ కాదనలేరు; అయినా, పొట్టలోతు అందని, కొద్ది సెంటీమీటర్లకే పరిమితమైన ప్రోబ్‌తో వేలికణుపును చూసే రుమటాలజిస్టుకూ ఆ నిబంధనలే వర్తిస్తాయి. యూరప్‌లో చాలాచోట్ల స్టెతస్కోపులా బల్లపక్కనే ఉండే యంత్రం ఇక్కడ ఎక్కువగా రేడియాలజీ గదిలోనే ఉండిపోవడానికి ఇదొక కారణం. కాబట్టి రోగిని చూసే వైద్యుడు వేరు, కీలును చూసే వైద్యుడు వేరు. హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్ద సంస్థల్లో రుమటాలజీ విభాగం ఉండటంవల్ల ఇద్దరూ మాట్లాడుకునే వీలుంటుంది. మిగతాచోట్ల ఆ మాటంతా చీటీలో రాసిన ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది. ‘చేతుల స్కాన్’ అని మాత్రమే రాసిన చీటీకీ, ఏ కణుపుల్లో అనుమానమో, ఏ మందులు ఎప్పటినుంచి వాడుతున్నారో, చూడవలసింది పవర్ డాప్లర్ సంకేతమనీ రాసిన చీటీకీ, ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు కింద కూర్చున్న రోగికి దక్కే జవాబులు ఒకటి కావు.