ఐరన్ మాత్ర, టీ, ఆఖరి ముద్ద

గర్భిణులకు రక్తం తక్కువని తేలితే "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడుగుతాము. "రోజూ వేసుకుంటున్నానండీ, టీతో" అని కొందరు చెబుతారు. టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి, చాలావరకు ఒంటికి పట్టనివ్వవు. కాఫీ కూడా అంతే. మాత్రకైనా, భోజనానికైనా టీ కనీసం గంట ఎడంగా తాగాలి. మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మంచిది. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయవద్దు.

ఇది చెప్పడం మాకు సులువే. అసలు అన్నిసార్లు టీ ఎందుకని అడిగితే, "ఆకలి ఆగడానికండీ" అంటారు. మామగారు, భర్త, పిల్లలు తినేసరికి పప్పు, గుడ్డు అయిపోతాయి. ఆమెకు మిగిలేది అన్నం, పచ్చడి. మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటి తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆఖరున తినడం మంచి ఇల్లాలి లక్షణమని మేమూ నేర్చుకున్నాము, మా కూతుళ్లకూ నేర్పాము. అది న్యాయం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. వడ్డించకముందే ఆమె వంతు పప్పు, ఆకుకూర, గుడ్డు వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఆ పని అత్తగారు చేస్తే కోడలు మొహమాటపడకుండా తింటుంది.