మట్టిలో పుట్టిన మందులు

తొలకరి జల్లు పడగానే నేల నుంచి కమ్మని వాసన వస్తుంది కదూ! మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనకు ముఖ్య కారణం. ఈ బాక్టీరియా ఇంకా ఎన్నో రసాయనాలను తయారుచేస్తాయి. వాటిలో కొన్ని, కాన్సరు వచ్చిన పిల్లల ప్రాణాలు నిలిపే మందులయ్యాయి.

మన శరీరంలోని కణాలు అవసరమైన మేరకే విభజన చెందుతాయి. ఆ అదుపు తప్పి కొన్ని కణాలు విచ్చలవిడిగా పెరగడమే కాన్సరు. ఇది అంటువ్యాధి కాదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రక్తకాన్సరు, అంటే లుకేమియా. ఇందులో పక్వానికి రాని తెల్లకణాలు ఎముకల మూలుగలో నిండిపోతాయి.

తెలుగువాడు తెరిచిన దారి

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరారు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం కాలేయం నుంచీ, బాక్టీరియాను పెంచిన ద్రవం నుంచీ ఫోలిక్ ఆమ్లపు రూపాలను వేరుచేసింది. కణవిభజనకు ఈ విటమిన్ అవసరం. దీన్ని పోలిన నకిలీ పదార్థం ఇస్తే ఏమవుతుంది? తాళంలో దూరి, తిరగని దొంగచెవిలాగా అది కణం పనిని ఆపేస్తుంది.

ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. కాని అది తాత్కాలికమే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

ఒక్క మందు చాలదని తేలింది. కాన్సరు కణాన్ని వేరే దారుల్లో దెబ్బతీసే మందులు కావాలి. వాటిలో కొన్ని బాక్టీరియా నుంచే దొరికాయి.

మూడు మందులు, మూడు దారులు

మొదటిది ఆక్టినోమైసిన్. 1940లో వాక్స్‌మన్, వుడ్రఫ్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని మట్టి బాక్టీరియా నుంచి వేరుచేశారు. అంటురోగాలకు వాడదామంటే మరీ విషపూరితమని తేలింది. అయితే దీనిలో ఒక రకమైన ఆక్టినోమైసిన్-డి, పసిపిల్లల మూత్రపిండాలకు వచ్చే విల్మ్స్ కణితి మీద బాగా పనిచేసింది. ఇది డి.ఎన్.ఎ.ను అంటిపెట్టుకుని, దాని నుంచి ఆర్.ఎన్.ఎ. తయారు కాకుండా అడ్డుకుంటుంది.

రెండవది డానోరుబిసిన్. ఇటలీలో ఒక పాత కోట సమీపంలోని మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ దీన్ని తయారుచేస్తుంది. ఎర్రని ఈ మందు డి.ఎన్.ఎ. నిచ్చెన మెట్ల మధ్య దూరి, కణవిభజనను చెడగొడుతుంది.

మూడవది ఆస్పరాజినేజ్ అనే ఎంజైము. దీన్ని మన పేగుల్లో ఉండే ఇ.కోలై బాక్టీరియా నుంచి తీస్తారు. మామూలు కణాలు ఆస్పరాజిన్ అనే ఆమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. చాలా లుకేమియా కణాలకు ఆ శక్తి చాలదు. అవి రక్తంలో ఉన్నదాని మీదే ఆధారపడతాయి. ఈ ఎంజైము దాన్ని విరగగొట్టేస్తే, ఆ కణాలు తిండి లేక చస్తాయన్నమాట!

రెండువైపులా పదునున్న కత్తి

ఈ మందులు మంచి కణాలనూ బాధిస్తాయి. జుట్టు రాలవచ్చు, వాంతులు కావచ్చు. డానోరుబిసిన్ ఎక్కువైతే గుండె దెబ్బతింటుంది. అందుకే వైద్యులు మోతాదును లెక్కగట్టి, కొన్ని మందులను కలిపి ఇస్తారు. లుకేమియా చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే రోగం తిరగబెడుతుంది.

మంచి వైద్య సౌకర్యాలున్న సంపన్న దేశాల్లో కాన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారు. పేద దేశాల్లో చాలా తక్కువమంది. రోగాన్ని ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో ఆపడం దీనికి ముఖ్య కారణాలు.

కనుక మీ తమ్ముడికో చెల్లికో జ్వరం ఎన్నాళ్లకూ తగ్గకపోయినా, ఒళ్లు పాలిపోయినా, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపించినా, ఎముకలు నొప్పి పెడుతున్నా ఇంట్లో పెద్దలకు చెప్పండి. ఇవి మామూలు జబ్బుల్లోనూ ఉండవచ్చు. ఏదో తేల్చవలసింది డాక్టరే. మా అచ్యుతాపురం నుంచి విశాఖ వెళ్లే దారిలో, అగనంపూడిలోనే టాటా మెమోరియల్ కేంద్రం వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉంది. మందు ఉన్నప్పుడు, అది బిడ్డకు వేళకు అందాలి కదా!