బిడ్డు 540, చేతికొచ్చింది 495

ఈ వారం ఆకు గురించి కాదు, రోగాల గురించి కాదు. గూడు అమ్మేచోట జరిగే మోసం గురించి రాస్తున్నాం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు వైపుల నుంచీ గ్రూపులో వచ్చే వాయిస్ మెసేజీల్లో ఒకటే బాధ వినిపిస్తా ఉంది. "ఫోన్లో ఒక రేటు వచ్చింది, చేతికి ఇంకో రేటు వచ్చింది" అని.

మాలో ఒకాయనకు జరిగిందే ముందు చెప్తాం. చేళూరు పక్క పల్లె. 150 గుడ్ల పంట, 98 కేజీల గూడు. ఏ మార్కెట్టో ఇక్కడ చెప్పం. ఆన్‌లైన్ వేలంలో కేజీకి 540 బిడ్డు పడింది, మావాడు సరే అన్నాడు. తూకం దగ్గరికి పోయేసరికి కొన్నాయన తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి నాలుగు గూళ్లు తీసినాడు. "ఇది చూడప్పా, జంట గూళ్లు, మచ్చ గూళ్లు. ఈ రేటుకు నాకొద్దు. 495 అయితే తూకం వెయ్యి, లేదంటే ఎత్తుకో" అన్నాడు. అప్పటికి ఒంటిగంట దాటింది. మిగతా రీలర్లు వెళ్ళిపోయినారు. టెంపో ఆయన బాడుగ కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మావాడు తల ఊపేసినాడు.

లెక్క వేయండి. కేజీకి 45 చొప్పున 98 కేజీలకు 4,410 రూపాయలు. ఇరవై అయిదు రోజులు ఇంట్లో ఆడమనిషి నిద్ర చెడగొట్టుకుని ఆకు వేసిన కూలి అంతా ఆ ఒక్క నిమిషంలో పోయింది.

గూడు ఆగదు, అదే వాళ్ళ ధైర్యం

రాగులైతే ఇంట్లో పోసుకోవచ్చు, చింతపండైతే రేటు కోసం కాచుకోవచ్చు. గూడు అట్లా కాదు. పురుగు అల్లడం మొదలుపెట్టిన పది, పన్నెండు రోజులకు లోపలి ప్యూపా చిలకై గూడు తొలుచుకుని బయటికొస్తుంది. తొలిచిన గూడు నుంచి నూలు తెగకుండా రాదు. సీబీ గూడైనా మనం విడిపించేది అయిదో ఆరో రోజు, బైవోల్టీన్ అయితే ఇంకో రోజు రెండు రోజులు ఆలస్యం. అంటే చంద్రంకి నుంచి విడిపించినాక మన చేతిలో ఉండేది నాలుగైదు రోజులే. ఆ రోజుల్లో కూడా తేమ ఆరి బరువు తగ్గతానే ఉంటుంది.

రీలరుకు ఆవిరి పెట్టి ప్యూపాను చంపే వసతి ఉంటుంది. మనకు ఉండదు. తిరిగి ఇంటికి ఎత్తుకుపోతే బాడుగ రెండింతలు, బరువు నష్టం, రేపటి రేటు ఏమో తెలీదు. బేరం అంతా ఈ తొందర మీదే నడుస్తుంది. "ఎత్తుకో" అన్న ఒక్క మాటకు మనం వంగిపోయేది అందుకే.

ఆన్‌లైన్ వేలం ఏం బాగు చేసింది, ఏం చేయలేదు

న్యాయంగా మాట్లాడాలి. వెనకటి కాలం కన్నా ఇది మేలు. అప్పుడు నోటితో పాడే వేలం. గట్టిగా అరిచినవాడిదే పాట, పక్కవాడు కన్ను గీటితే ఆగిపోయేది. ఇప్పుడు లాటుకు నంబరు పడుతుంది, రీలర్లు మొబైల్లో రేటు వేస్తారు, పెద్ద రేటు తెర మీద కనబడుతుంది. ఇష్టం లేకపోతే రైతు వద్దనవచ్చు. తూకం ఎలక్ట్రానిక్ కాటా మీద, దుడ్లు బ్యాంకు ఖాతాకు.

కానీ ఫోను రేటు చెప్తుంది, నాణ్యత చెప్పదు. ఒక కేజీ నూలుకు ఎన్ని కేజీల గూడు పడుతుందో, అంటే రెండిట్టా ఎంతో, రీలరు కంటితో, చేతితో అంచనా వేస్తాడు. జపానులో గూళ్ల నమూనాను పరీక్షా కేంద్రంలో నూలు తీసి చూసి, దాన్నిబట్టి ధర కట్టే పద్ధతి ఉండేది. అక్కడ వాదనకు చోటు తక్కువ. మన దగ్గర నాణ్యత మాట నోటి మాటే కాబట్టి, బిడ్డు అయిపోయినాక కూడా బేరం మళ్ళీ మొదలవుతుంది.

మోసం వచ్చే దారులు

ఒకటి, పైన చెప్పిందే. ఎక్కువ రేటు వేసి పోటీని పక్కకు తోసి, తూకం దగ్గర కోత పెట్టడం.

రెండు, కూడబలుక్కోవడం. నలుగురు ఒక మాట అనుకుని ఒకరి లాటు మీద ఒకరు పోటీ పడరు. పక్క పక్క తొట్లలో ఒకే రకం గూడుకు ఒక రేటు పెద్దదిగా, ఇంకోటి చిన్నదిగా పడి, చిన్న రేటు లాటుకు బిడ్లు ఒకటో రెండో ఉంటే అనుమానించాలి.

మూడు, మచ్చు. ఒక గూడు బరువు సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. పిడికిట్లో ఇరవై గూళ్లు పడతాయి, అంటే 30 నుంచి 40 గ్రాములు. ముప్పై మంది తలా ఒక పిడికిలి తీసి సంచిలో వేసుకుంటే మన గూడు ఒక కేజీ పోయినట్టే. చూడనివ్వండి, చూసింది మళ్ళీ తొట్టిలోనే వేయమనండి.

నాలుగు, బయటి బేరం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. మీ లాటు ఫోటో గ్రూపులో చూసి ఎవరో ఫోన్ చేస్తారు. "మార్కెట్టుకు ఎందుకన్నా, బాడుగ దండగ, ఇంటికే వచ్చి ఎత్తుకుంటాం, పది రూపాయలు ఎక్కువే ఇస్తాం" అంటారు. వచ్చి, వాళ్ళ కాటాతో తూకం వేసి, ఫోన్లో "దుడ్లు పంపించేసినాం" అని స్క్రీన్ చూపించి వెళ్ళిపోతారు. ఖాతాలో ఏమీ ఉండదు. చింతామణి వైపు ఒక అక్క ఇట్లాగే 60 కేజీలు పోగొట్టుకుంది. బండి నంబరు కూడా రాసుకోలేదు. ఇప్పటిదాకా పైసా రాలేదు. కర్ణాటకలో 1959 నాటి చట్టం ప్రకారం గూడు అమ్మకం లైసెన్సు ఉన్న మార్కెట్టులో జరగాలి. బయట అమ్మితే లాటు నంబరు లేదు, తూకం చీటీ లేదు. రేపు ఎవరి దగ్గరికి పోయి ఏమని అడుగుతాం?

మేం ఇప్పుడు చేస్తున్నది

జరిగిన తర్వాత మా పల్లెల వాళ్ళం ఏడుగురం కూర్చుని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం.

ముందు మన వైపు సరి చేసుకున్నాం. దాపరికం ఎందుకు, మాలో కొందరం పైన మంచి గూడు పోసి అడుగున మచ్చవి, పలచవి కలిపేవాళ్ళం. రీలరు అడుగుకు చెయ్యి పెట్టేది దాని వల్లనే. ఇప్పుడు ఇంట్లోనే పై పీచు తీసి, జంట గూళ్లు, మచ్చ గూళ్లు, ఊజీ గూళ్లు వేరు చేసి వేరే సంచిలో తెస్తున్నాం. తొట్టిలో పోసినాక పై నుంచి అడుగు దాకా మేమే తిప్పి చూపిస్తాం. ఫోన్లో చిన్న వీడియో తీస్తాం. "బిడ్డు వేసే ముందే అడుగు చూసుకోండి, తర్వాత మాట ఉండదు" అని గట్టిగా చెప్తాం.

రెండోది, ఒంటరిగా పోవడం మానేసినాం. ఒకే రోజు విడిపించేలా చాకీ తెచ్చుకునే తేదీలు కలుపుకున్నాం. ముగ్గురు నలుగురు ఒకే టెంపోలో పోతాం. బాడుగ తగ్గింది, ధైర్యం పెరిగింది. లాటు దగ్గర ఎప్పుడూ ఒకరు ఉంటారు. టీకి పోయినా, సంతకానికి పోయినా ఇంకొకరు నిలబడతారు.

మూడోది, తూకం దగ్గర కోత అడిగితే అక్కడే ఒప్పుకోం. మార్కెట్టు అధికారి దగ్గరికి పోయి లాటు నంబరు చెప్పి, బిడ్డు రేటుకే తూకం వేయించమని, లేదంటే మళ్ళీ వేలంలో పెట్టమని అడుగుతాం. పోయిన నెల మాలో ఒకామెకు 530 బిడ్డు మీద 30 కోత అడిగినారు. ఆమె ఒప్పుకోలేదు. మళ్ళీ వేలంలో పెడితే 522 పడింది. ఎనిమిది రూపాయలు పోయింది నిజమే, కానీ 22 నిలబడింది. పైగా ఆ కొన్నాయన మళ్ళీ మా లాట్ల దగ్గర అట్లాంటి మాట ఎత్తలేదు.

నాలుగోది, దుడ్ల విషయం. ఫోన్లో ఎవరో చూపించిన స్క్రీన్ కాదు, మన ఖాతాలో నిల్వ చూసుకున్నాకే గూడు కదలాలి. దుడ్లు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను కొట్టమన్నారంటే మన దగ్గర లాగడానికే. ఆన్‌లైన్లో మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. గంటల లెక్కలో చేస్తే దుడ్లు నిలిపివేసే అవకాశం ఉంటుంది.

పాత బాకీకి ఎవరైనా చెక్కు ఇచ్చి ఉంటే, తేదీ నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే, బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందినాక 15 రోజుల్లో ఇవ్వకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయవచ్చు. తేదీ దాటితే దారి కష్టం. "రేపు ఇస్తా, ఎల్లుండి ఇస్తా" అనేది ఆ తేదీలు దాటించడానికే అని గుర్తుపెట్టుకోండి.

చివరి మాట

రీలర్లందరూ దొంగలు అనడం లేదు. శిడ్లఘట్టలో ఇంటి ముందర రెండు మూడు బేసిన్లు పెట్టుకుని, అప్పు తెచ్చి గూడు కొనేవాళ్ళు కూడా మనలాంటివాళ్ళే. నూలు రేటు పడితే వాళ్ళ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. చెప్పిన రేటు ఇచ్చే రీలరుకు మంచి గూడు దొరకాలి, మంచి గూడు తెచ్చిన రైతుకు చెప్పిన రేటు రావాలి. మధ్యలో మాట తప్పేవాళ్ళ వల్ల ఇద్దరికీ నష్టమే.

పోయిన 4,410 మావాడికి తిరిగి రాలేదు, రాదు కూడా. కానీ ఇప్పుడు ఆయన ప్రతి లాటుకూ చీటీ ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నాడు. లాటు నంబరు, బిడ్డు రేటు, తూకం, ఖాతాలో పడిన మొత్తం. మీరూ పెట్టండి. ఎవరి పేరూ రాయొద్దు, తిట్లు వద్దు, అంకెలు చాలు. పది ఊళ్ళ అంకెలు పక్కపక్కన పెడితే ఏ రోజు ఎక్కడ ఎంత కోత పడిందో అందరికీ కనబడుతుంది.

ఈ వారం గూడు విడిపించేవాళ్ళు, లాటు దగ్గరే నిలబడండి. టీ తర్వాత తాగుదాం.