మామిడికాయల గదికి కంబళి

మొన్న మనవడు తోట నుంచి ఫోన్ చేశాడు. "తాతా, మోటారు షెడ్డు పక్కనున్న పాత సామాన్ల గదిని చల్లగది చేస్తా. బేనిషా కాయలు అందులో పెడితే రెండు మూడు వారాలు ఆగి మంచి ధరకు అమ్ముకోవచ్చు. ఎన్ని టన్నుల మిషన్ కొనమంటావు?"

మిషన్ సంగతి చివర్న మాట్లాడుకుందాం నాయనా, ముందు గది సంగతి చెప్పు అన్నాను.

"ఎందుకు తాతా, మీ కాలంలో జొన్నలు పాతరేసేవాళ్లు కదా. అట్ల గుంత తవ్వి దించితే మిషనే అవసరం లేదేమో" అన్నాడు. మంచి ప్రశ్న. ఫ్రాన్సులో షాంపేన్ సీమ వాళ్లు ద్రాక్షసారా సీసాలను సుద్దరాతి సొరంగాల్లో దాచేది ఆ ధైర్యంతోనే. అక్కడ లోపల ఏడాది పొడుగునా 10 నుంచి 12 డిగ్రీలుంటుంది. నేలలో కొన్ని మీటర్ల లోతుకు పోతే ఎండాకాలం వేడీ చలికాలం చలీ చేరవు, ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక్కటే మిగులుతుంది. వాళ్ల సగటు తక్కువ కాబట్టి సొరంగం చల్లగా ఉంది. మన అనంతపురం సగటు 27, 28 డిగ్రీలు. ఎంత తవ్వినా దొరికేది అదే. జొన్నలకు అది చాలు. మామిడికి 13 కావాలి. సారా సీసాకు కావలసిందీ దాదాపు అంతే, విచిత్రం చూడు. అంతకంటే చల్లబరిస్తే పచ్చికాయ తోలు నల్లబడి, తర్వాత సరిగా మాగదు.

మేలో బయట 40, లోపల 13. తేడా 27 డిగ్రీలు. వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికే పోతుంది, పగలూ రాత్రీ పోతూనే ఉంటుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గది అనుకో. తొమ్మిదంగుళాల ఇటుక గోడలే ఉంటే, ఉజ్జాయింపుగా మూడు కిలోవాట్లకు పైగా వేడి లోపలికి దూరుతుంది. ఒక టన్ను మిషన్ తోడిపోసేది మూడున్నర. అంటే కాయలు పెట్టకముందే మిషన్ బలమంతా గోడలకే సరి. అదే గోడలకు, కప్పుకు, నేలకు నాలుగంగుళాల థర్మోకోల్ వేస్తే ఆ వేడి అర కిలోవాటుకు దిగుతుంది. థర్మోకోల్ గొప్పదనమంతా దాని లోపల చిన్న చిన్న గదుల్లో కదలకుండా చిక్కుకున్న గాలిది. మన గొర్రెల కాపరుల కంబళి లాంటిదే. ఉన్ని పోగుల మధ్య గాలి నిలబడుతుంది, అందుకే చలికీ అదే, ఎండకూ అదే. ఐసు గడ్డను ఊకలో పూడ్చిపెట్టేదీ ఇందుకే.

"మరి మట్టి మిద్దె చల్లగా ఉంటుంది కదా తాతా?" అన్నాడు. ఉంటుంది. మూరెడు మందం మట్టి గోడ పగటి వేడిని పట్టుకొని రాత్రికి లోపలికి వదులుతుంది. వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. మనుషులు రాత్రికి ఆరుబయట పడుకునే ఊళ్లో అది సరిపోయింది. రాత్రింబవళ్లు 13లో ఉండాల్సిన కాయలకు సరిపోదు.

ఇక అందరూ తప్పు చేసే చోటికొస్తాను. మనది ఎండు గాలి, తేమ బాధ లేదనుకుంటారు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో గాలి తేమ 25 శాతమే అనుకో. ఆ గాలిని 16 డిగ్రీలకు చల్లారిస్తే చాలు, నీటి బొట్లు కడుతుంది. మన గది 13. అంటే నడి ఎండాకాలంలో కూడా గోడ సందుల్లోకి దూరిన గాలి చల్లటి చోట చేరి నీళ్లవుతుంది. నీళ్లు తాగిన థర్మోకోల్ ఇంక కంబళి కాదు. నీరు దానికంటే పదిహేను రెట్లకు పైగా వేడిని మోస్తుంది.

నేనొకసారి ఈ తప్పు చేశాను. స్నేహితుడి పూల గదికి ప్లాస్టిక్ షీటును లోపలి వైపు, చల్లటి వైపు కొట్టించాను. శుభ్రంగా కనబడుతుంది కదా అని. ఏడాదికి పలక ఊడదీస్తే వెనక నీళ్లు కారాయి, చెక్క బూజు పట్టింది. ఆవిరి బయటి నుంచి లోపలికి వస్తుంది కాబట్టి అడ్డం బయటి వైపే ఉండాలి. ముందు గోడ, దానిమీద అతుకులన్నీ టేపు వేసిన మందపాటి షీటు, ఆ తర్వాత థర్మోకోల్. ఈ వరుస మార్చకూడదు. ఒక్క మేకు బొక్క వదిలినా ఆవిరి దాన్ని వెతుక్కుంటుంది. నేల కింద వేసే పలకల్లోకి చీమలు, చెదలు చేరతాయి, కాబట్టి దానిమీద కడప బండ పరిచి సందులు సిమెంటుతో పూడ్చు.

కాయల సంగతీ లెక్కలో పెట్టు. పాతర తీసినప్పుడు మా జేజినాయన ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. ముందు దీపాన్ని తాడుతో దించేవాడు. ఆరిపోతే ఆ పూట దిగడం లేదు. గింజలు ఊపిరి తీస్తాయి, కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. మామిడికాయ ఇంకా గట్టిగా ఊపిరి తీస్తుంది, వేడి కూడా వదులుతుంది. అందుకని రోజుకోసారి గాలి మార్చు. మధ్యాహ్నం కోసిన అర టన్ను కాయల్ని ఒక్క రోజులో 36 నుంచి 13కు దించాలంటే అదొక అర కిలోవాట్ భారం. తెల్లవారకముందు కోస్తే దాదాపు సగం భారం తగ్గుతుంది.

మిషన్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. ఆ పోసే పెట్టెను మూసిన వరండాలో పెడితే తను పోసిన వేడినే మళ్లీ పీలుస్తుంది. ఉత్తరం వైపు, వేపచెట్టు నీడలో పెట్టు. మన గాలికి దుమ్ము ఎక్కువ, రేకుల మధ్య నెలకోసారైనా దులపాలి. లోపలి నీళ్లు పోయే గొట్టానికి ఒక వంపు పెట్టించు, వంపులో నిలిచిన నీరే వేడి గాలికి తలుపు.

అన్నీ అయ్యాక నడి మధ్యాహ్నం లోపలికి పోయి తలుపేసుకొని చీకట్లో నిలబడమన్నాను, వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడమని.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. తలుపు కింద ఒక గీత, కరెంటు పైపు దగ్గర ఒక చుక్క కనబడ్డాయంట. రబ్బరు పట్టీ తేవడానికి పొద్దున్నే టౌనుకు పోతున్నాడు. మిషన్ ఇంకా కొనలేదు.