నలుగురి కంప్యూటరు: తెరపై నిలువవలసిన మాట

వెలిగండ్ల వంటి మండల కేంద్రములందును, చుట్టుపట్ల పల్లెలందును నేడు గ్రామ ప్రజలు కంప్యూటరు ఎదుటకు వచ్చుట పరిపాటియైనది. అడంగలు నకలు కావలెనన్నను, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము కావలెనన్నను, బియ్యము కార్డునకు వ్రేలిముద్ర వేయవలెనన్నను ఆ యంత్రమే దిక్కు. మన రాష్ట్రమున 2011లో మీసేవ కేంద్రములు నెలకొన్నవి. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమగుటతో కంప్యూటరు ఊరి నడుమకే వచ్చి చేరినది. ఇవిగాక కనిగిరి వంటి పట్టణములలోని ఇంటర్నెట్ దుకాణములు, పాఠశాలలలోని యంత్రములు వేరుగా కలవు.

ఈ యంత్రములన్నిటికిని ఒక సమాన లక్షణము కలదు. ఇవి ఏ ఒక్కరివియు కావు. ఒకరు లేచిన కుర్చీలో మరొకరు కూర్చుందురు. మొదటివారు తెరచిన ఖాతా మూయబడకున్నచో రెండవవారికి అది తలుపు తీసియుంచిన ఇల్లే. పని ముగిసినను ఆధారు కార్డు నకలు, బ్యాంకు పాసు పుస్తకపు ఫోటో, దరఖాస్తు ప్రతి ఆ యంత్రములోనే నిలిచిపోవును. వానిని తుడిచివేయవలెనను తలంపు ఎవ్వరికిని కలుగదు. పంచాయతీ డబ్బు చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు పరికరమును యంత్రమునకే తగిలించి భోజనమునకు పోవుట, ఖాళీ చెక్కుపై సంతకము చేసి బల్లపై వదలి పోవుటకంటె భిన్నము కాదు.

ఇట్టి చోట్ల తెరపై ఎల్లప్పుడును కనబడునట్లు ఒక హెచ్చరిక నిలుపుటను గూర్చి పంచాయతీ సభ్యులు ఆలోచింపవలెనని మా కోరిక. ఇది క్రొత్త తలంపు కాదు. డబ్బు లెక్క చూచుకొని కౌంటరు విడువుడని బ్యాంకులలో బోర్డు ఉండుట మనమెరిగినదే. ఇంటర్నెట్ దుకాణములకై కేంద్ర ప్రభుత్వము 2011లో చేసిన నియమములు, నిషిద్ధములైన వానిని చూడరాదని, దింపుకొనరాదని అందరికి కనబడునట్లు బోర్డు పెట్టవలెనని ఆదేశించినవి. అమెరికా రక్షణ శాఖ కంప్యూటర్లలో తెర పైయంచున ఒక రంగుపట్టీ తొలగకుండ నిలిచి, ఆ యంత్రములోని సమాచారము ఎంత రహస్యమైనదో తెలుపుచుండును. గోడపై బోర్డు వచ్చినవాని వీపు వెనుక ఉండును. తెరపై మాట కంటి ఎదుట ఉండును. భేదమంతయు ఇందే కలదు.

అయితే ఎవరి కంటి ఎదుట? మన కార్యాలయములలో తెర ఉద్యోగివైపు తిరిగియుండును. దరఖాస్తుదారునకు కనబడునది దాని వెనుకభాగము, నాలుగు తీగలు మాత్రమే. పౌరునకై వ్రాసిన హెచ్చరికను పౌరుడు చూడజాలనిచో ఏమి ప్రయోజనము? తెరను పూర్తిగా జనమువైపు త్రిప్పుదమన్నచో వరుసలో నిలిచినవారందరును ఒకని ఆధారు సంఖ్యను, ఖాతా సంఖ్యను చదువగలరు. కావున బల్ల ప్రక్కగా ఒక కుర్చీ వేసి, ఆ కుర్చీలోని వానికి మాత్రమే తెర కనబడునట్లు అమర్చుట మేలు. దీనికి ఖర్చు లేదు.

ఇంకొక చిక్కు ఈ పశ్చిమ ప్రాంతమున ఎక్కువ. వానలు నమ్మరాని మెట్టభూములు విడిచి అనేకులు హైదరాబాదునకు, బెంగుళూరునకు పనులకు పోవుదురు. ఇంట పెద్దలు మిగులుదురు. ఆధారునకు జతపరచిన ఫోను కుమారుని వద్ద ఉండును. తల్లి ఇక్కడ బల్ల ముందు కూర్చుండగా ఓటీపీ బెంగుళూరులోని కుమారునకు చేరును; అతడు ఫోనులో ఆ అంకెలు చెప్పును. తెరపై ఎంత పెద్ద అక్షరములతో వ్రాసినను అతనికి కనబడదు. కావున ఆ ఓటీపీ ఏ పనికి అడుగుచున్నారో ఉద్యోగి బిగ్గరగా చెప్పి, తరువాతనే అంకెలు అడుగవలెనను నియమము హెచ్చరికతోపాటు ఉండవలెను. చదువురానివారికిని ఇదియే రక్ష.

ఇక భాష విషయము. మేమిచ్చట వ్రాయుచున్న భాషలో తెరపై వ్రాసినచో ఎవ్వరును చదువరు. అచ్చట ఊరిమాట కావలెను. ఐదు వరుసలకు మించరాదు. మేము సూచించు మాదిరి యిది:

ఇది అందరి కంప్యూటరు.
పని అయ్యాక మీ ఖాతా మూయించి లేవండి.
ఓటీపీ ఎందుకో అడిగి, తెలిశాకే చెప్పండి.
రసీదు అడిగి తీసుకోండి.
డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

1930 అనునది సైబరు మోసములపై ఫిర్యాదు చేయుటకు దేశమంతటికిని ఏర్పరచిన సంఖ్య. ఎంత త్వరగా తెలిపిన, దొంగ చేతికి పోకముందే సొమ్మును బ్యాంకులో నిలుపుటకు అంత అవకాశము కలదు. కావుననే ఆ వరుసలో ‘వెంటనే’ అను మాట చేర్చితిమి.

దీనిని తెరపై నిలుపుటకు పలు మార్గములు కలవు. విండోస్ యంత్రములలో, తెరచునప్పుడు పాస్‌వర్డు అడుగుటకు ముందే ఒక ప్రకటన కనబడునట్లు చేయవచ్చును. సరేయని నొక్కినగాని యంత్రము ముందుకు సాగదు. ఇది ఉద్యోగికి ప్రతి ఉదయము జ్ఞాపకము చేయును గాని, పదిగంటలకు వచ్చిన రైతునకు కనబడదు. రెండవది, తెర వెనుక చిత్రముగా హెచ్చరికను పెట్టి దానిని ఇతరులు మార్చకుండ బిగించుట. బీజీఇన్ఫో అను ఉచిత సాధనమును ఇట్టి వ్రాతకు వాడుదురు. కాని ఏదైన దరఖాస్తు తెరచిన తోడనే ఆ చిత్రము మరుగున పడును. ఎల్లవేళల కనబడవలెనన్న, తెర పైయంచున వ్రేలెడు వెడల్పు పట్టీని కేటాయించి, ఇతరమేదియు దానిపైకి రాకుండ చేయు చిన్న ప్రోగ్రాము కావలెను. ప్రభుత్వమిచ్చిన యంత్రములలో ఇట్టివి పై అధికారుల అనుమతితో, సాంకేతిక సిబ్బంది చేతనే పెట్టింపవలెను. ఎవరో చెప్పిరని ఇంటర్నెట్ నుండి దింపుకొన్న ప్రోగ్రామును పెట్టినచో, దొంగను కాపలా పెట్టినట్లే యగును.

చిత్రముగా పెట్టునప్పుడు తెలుగు అక్షరములను గూర్చి శ్రద్ధ అవసరము. తెలుగు లిపిలో వత్తులు క్రిందికి, గుడులు పైకి పోవును గనుక వరుసల మధ్య ఎడము ఎక్కువ ఉండవలెను. ఇంగ్లీషు అక్షరముల కొలతతో పెట్టినచో ఒకదానిపై నొకటి పడి ముద్దయగును. తగిన ఫాంటు లేని యంత్రములో అక్షరములకు మారు ఖాళీ గడులు కనబడును. హెచ్చరికను ఒకచోట చక్కగా కూర్చి, బొమ్మగా మార్చి, అదే బొమ్మను అన్ని యంత్రములకు పంపిన ఈ బాధ లేదు.

ఇంత శ్రమ ఎందుకు, ఒక కాగితముపై అచ్చువేసి తెర క్రింది చట్టమునకు అంటించిన చాలదా యని సభ్యులు అడుగవచ్చును. మొదటి మెట్టుగా అదియే చేయుడని మేమందుము. కరెంటు పోయినను అది కనబడును. అయితే కాగితము ఆరునెలలలో చినుగును, మసియగును, చివరకు దానిపై మరొక కాగితము అంటింపబడును.

ఒక్క సంగతి మరువరాదు. హెచ్చరిక తాళము కాదు. పౌరుల పనులకు వేరుగా ఒక ఖాతా తెరచి, అందులోని నకళ్లను ప్రతి సాయంకాలము తుడిచివేయుట, సంతకపు పరికరమును పని కాగానే ఊడదీసి బీరువాలో పెట్టుట అనునవి జరుగనిచో, తెరపై మాట అలంకారమాత్రమే.

పంచాయతీ సమావేశమున దీనికొక తీర్మానము చాలును. హెచ్చరిక పాఠమును ఎవరు వ్రాయవలెను, ఎవరు మార్చవలెను అనునది అందులో పేర్కొనవలెను. ఎల్లప్పుడును ఒకే రంగున, ఒకే చోట నిలిచిన వ్రాతను కన్ను కొన్నాళ్లకు చూచుట మానుకొనును. గోడపై క్రిందటేటి క్యాలెండరును మనము చూచునట్లే. అంతేగాక, కొన్ని రకముల తెరలపై కదలక నిలిచిన వ్రాత మచ్చగా మిగిలిపోవును. కావున మూడు నెలల కొకసారి రంగును, చోటును మార్చుట మంచిది. రుసుము మొత్తము, దరఖాస్తు గడువు వంటివి తెరపై చేర్చదలచినచో వాని ప్రక్కన తేదీ వేయవలెను. గడువు దాటిన మరునాడే తొలగించు బాధ్యత ఒకరి పేరున ఉండవలెను. తప్పిన గడువు తెరపై ఇంకను కనబడుచున్నచో, దానిని నమ్మి పది మైళ్లు వచ్చిన ముసలివానికి సమాధానము చెప్పవలసినవారు సభ్యులే.