చదరంగం గడుల్లో ఇరవై అంకెల సంఖ్య

చదరంగం పలకపై మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపమని రాజును కోరిన పండితుడి కథ చాలామంది విన్నదే. చివరికి తేలే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన రాజుగారి బాకీ తీరాలంటే ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లు పడుతుంది.

ఈ సంఖ్య తెలుగువారికి పాత చుట్టమే. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉన్న ఒక పద్యం ఇరవై అంకెలనూ మాటల్లో చెబుతుంది. మన్మథుడి బాణాలు అయిదు కనుక శరం అంటే 5, చంద్రుడు 1, వేదాలు 4, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. అంకెలను కంఠస్థం చేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచదు.

మరి 64 సంఖ్యలను కూడాలా? అక్కర్లేదు. మొత్తానికి ఒక్క గింజ కలపండి. 1, 1 కలిస్తే 2. దానికి రెండో గడిలోని 2 కలిస్తే 4. మూడో గడిలోని 4 కలిస్తే 8. చివరికి 2⁶⁴ మిగులుతుంది. రెండును వరుసగా ఆరుసార్లు వర్గం చేస్తే అదే వస్తుంది: 4, 16, 256, 65536, 429,49,67,296, ఆపైన మన సంఖ్య. కలిపిన గింజను తీసేస్తే సరి. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇలా వర్గాల దారిలోనే దీన్ని గణించాడు.

ఇక కారణాంకాలు చూద్దాం. బడిలో నేర్చిన a²−b² సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 2⁶⁴−1 ఇలా విడిపోతుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఒక్కొక్కటీ పై వర్గాలకు ఒకటి కలిపితే వచ్చేదే (మొదటి 3 మాత్రం 2+1). ఇలాంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ చూపాడు. ఆయన తర్వాత వివరించిన ప్రకారం, దాని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నంలోనే తాళం తెరుచుకుంటుంది!

ఆ మొదటి అయిదింటికీ జ్యామితితో సంబంధం ఉంది. స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని 1796లో గౌస్ కనుగొన్నాడు. అయిదింటినీ గుణిస్తే 4294967295. బేసి భుజాలతో అలా గీయగలమని ఇప్పటికి తెలిసిన అతిపెద్ద బహుభుజి భుజాల లెక్క అదే. 65537 తర్వాత మరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. 2ను 32 సార్లు వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చేదాకా అన్నీ విడిపోయేవేనని తేలింది. 33 సార్లు చేస్తే వచ్చేది మాత్రం ఇంకా లొంగలేదు.